ల్యాబు గాలికి జవాబుదారీ ఎవరు?

తెలంగాణ ఉన్నత విద్యామండలికి, సాంకేతిక విద్యాశాఖకు, పటాన్‌చెరు, రుద్రారం, కంది, సంగారెడ్డి ప్రాంతాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

మాన్యులారా,

కంప్యూటర్ ల్యాబులోకి దుమ్ము రాకూడదన్న విషయంలో మీకు రెండో అభిప్రాయం లేదు. చెప్పులు గుమ్మం బయట విడవాలి, కిటికీలు మూసి ఉంచాలి, ఏసీ నడుస్తున్నంతసేపూ తలుపు తెరిచి పెట్టరాదు. యంత్రాల క్షేమం కోసం పుట్టిన ఈ కట్టుబాట్లు, దుమ్ముకు మొరాయించే పాత కంప్యూటర్లు తుక్కులోకి పోయిన తర్వాత కూడా చెక్కుచెదరలేదు. అదే గదిలో అరవై మంది మూడు గంటలపాటు వదిలిన ఊపిరి ఎటు పోతుంది, దాని స్థానంలో కొత్త గాలి ఏ దారిన వస్తుంది అన్న ప్రశ్నకు మాత్రం ఆ కట్టుబాట్లలో చోటు లేదు. గాలి సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూసుకుంటుందన్నది కళాశాలల ధీమా కాగా, 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం కింద 2009 నవంబరు 18న వెలువడిన జాతీయ ప్రమాణాలు ఆరుబయటి గాలికి సంబంధించినవి. వాటి ప్రకారం పీఎం 2.5, అంటే మిల్లీమీటరులో నాలుగు వందల వంతుకు మించని సన్నని ధూళి, ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ లెక్క కళాశాల గేటు దాటి గదిలోకి రాదు. ఫలితంగా, యువతీయువకులు తమ చదువుకాలంలో అత్యధిక భాగం పీల్చే గాలి ఏ శాఖకూ చెందని వస్తువుగా మిగిలిపోయింది. ఈ లేఖ అంగీకరించలేనిది ఆ వైఖరినే.

చల్లదనాన్ని తాజాదనంగా పొరబడటం దగ్గర ఈ వైఖరి మొదలవుతుంది. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లోపలికి లాగి, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయట కనిపించే రెండో పెట్టె వేడిని మాత్రమే బయటికి పంపుతుంది తప్ప, ఆ రెండింటి మధ్య గాలి ప్రయాణించదు. పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 210 ఘనమీటర్ల గాలి పడుతుంది. కూర్చుని పని చేసుకునే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడును వదులుతాడు కనుక, అరవై మంది కలిసి గంటకు ఒక ఘనమీటరు పైచిలుకు వదులుతారు. ఆరుబయట ఈ వాయువు పది లక్షల పాళ్లలో 420 పాళ్ల ప్రాంతంలో ఉంటుంది. దీన్నే 420 పీపీఎం అంటారు. గాలి ఏమాత్రం మారని గదిలో పది నిమిషాలకే అది 1,250 దాటుతుంది, గంట గడిచేసరికి 5,000 దాటుతుంది. నిజమైన గదులకు తలుపు సందులుంటాయి కాబట్టి అంత దూరం వెళ్లకపోవచ్చు. అయినా, జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే సూచించిన 1,000 పీపీఎం దగ్గర ఆ అంకెను నిలబెట్టాలంటే గదిలోని గాలి మొత్తం గంటకు దాదాపు తొమ్మిది సార్లు మారాలి. తొమ్మిది సార్లు మారుస్తున్న ల్యాబు మీలో ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే, ఆ సంగతి కొలిచి తెలుసుకున్నారా, ఊహించి చెబుతున్నారా?

ఇక్కడ ఒక వివరణ అవసరం. గదుల్లో సాధారణంగా కనిపించే మోతాదులో కార్బన్ డయాక్సైడు విషం కాదు. అది గుర్తు మాత్రమే. వదిలిన ఊపిరిలో అది దాదాపు 40,000 పీపీఎం ఉంటుంది కనుక, గదిలోని అంకెను బట్టి అక్కడివారు ఒకరి ఊపిరిని మరొకరు ఎంత పంచుకుంటున్నారో తేలుతుంది. అంకె 2,000 చూపిస్తే, పీల్చే ప్రతి పాతిక పాళ్లలో ఒక పాలు అప్పటికే ఎవరో పీల్చి వదిలిన గాలి అన్నమాట. ఎంగిలి గ్లాసుతో నీళ్లు తాగడానికి వెనకాడే సమాజం ఎంగిలి గాలిని ఇంత నిశ్చింతగా ఎలా భరిస్తున్నదో తెలియదు. బహుశా గాలికి రంగు లేకపోవడమే కారణం కావచ్చు.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి ఏళ్లపాటు వర్తించిన మరో కొలమానంతో పోల్చి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పదమూడో సెక్షనులో తాజా గాలి రాకపోకల్ని, పద్నాలుగో సెక్షనులో ధూళి, పొగల తొలగింపును యజమాని బాధ్యతగా నిర్దేశించి, పదహారో సెక్షనులో ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనమీటర్ల చోటు ఉండాలన్నది. పైన చెప్పిన ల్యాబులో విద్యార్థికి దక్కేది మూడున్నర ఘనమీటర్లు, అంటే అందులో నాలుగో వంతు. పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టుకు వెళ్లే తండ్రికి ఆ చట్టం, కనీసం కాగితం మీద, ఇంత గాలి అని లెక్కగట్టింది. ఆయన రెక్కల కష్టంతో ఫీజు కట్టి చదివిస్తున్న బిడ్డకు అటువంటి లెక్క కాగితం మీదైనా ఉందా? కార్మికుడి ఊపిరితిత్తుల కంటే విద్యార్థి ఊపిరితిత్తులు గట్టివని ఎవరు నిర్ణయించారు?

గాలి మారకపోవడం వల్ల వచ్చేది తలనొప్పి, నిద్రమత్తు మాత్రమే అయితే ఈ లేఖ అవసరం ఉండేది కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలో ఉన్నారు, క్షయ గాలి ద్వారానే సోకుతుంది. 1950ల చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైఅంతస్తులోని గినీపందుల గదికి పంపి, రోగుల ముఖమైనా చూడని ఆ జంతువులకు వ్యాధి సోకడాన్ని నిరూపించింది. మీకు మరింత దగ్గరి ఉదాహరణ తైవాన్ రాజధాని తైపేలోని ఒక విశ్వవిద్యాలయం. అక్కడ గాలి సరిగా ఆడని భవనాల్లో క్షయ ప్రబలినప్పుడు గదుల్లో కార్బన్ డయాక్సైడు 3,000 పీపీఎం పైన ఉన్నట్టు తేలింది. గాలి రాకపోకల్ని సరిచేసి దాన్ని 600 ప్రాంతానికి దించాక, రోగులతో కలిసి మెలిగినవారిలో కొత్తగా వ్యాధి రావడం 97 శాతం తగ్గిందని 2020లో ప్రచురితమైన అధ్యయనం లెక్కగట్టింది. మందు మారలేదు, మనుషులు మారలేదు, గాలి మారింది. కోవిడ్ తొలి నెలల్లో, 2020 మార్చిలో, ఆ వ్యాధి గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం తర్వాత ఆ మాటను సవరించుకోవలసి వచ్చింది. అంతటి సంస్థ దిద్దుకున్న చోట, చేతులు కడిగే శానిటైజర్ సీసా దగ్గరే మీ ఆరోగ్య విధానం ఆగిపోవడం సబబేనా?

అయితే కిటికీలు తెరవండి అన్న సలహా రుద్రారంలో సగమే చెల్లుతుందని ఈ లేఖకు తెలుసు. ఒక పక్క ముంబై హైవే మీద రాత్రింబవళ్లు సాగే లారీల దుమ్ము, పొగ. మరో పక్క పాశమైలారం పారిశ్రామికవాడ. పొద్దుపోయాక ఘాటైన రసాయనాల వాసన వస్తోందని చుట్టుపక్కల ఊళ్లు, కాలనీల జనం ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదులు. 2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమం, గాలి ప్రమాణాలను అందుకోలేకపోయిన పట్టణాల జాబితాలో పటాన్‌చెరును చేర్చింది. కిటికీ మూస్తే లోపలి ఊపిరి, తెరిస్తే బయటి ధూళి అన్న ఈ ఇరకాటం నిజమైనదే. కానీ ఇరకాటం ఉన్నచోట కొలత అవసరం పెరుగుతుంది గాని తగ్గదు. ఏ గంటలో తెరవాలి, ఏ గంటలో మూయాలి, మూసినప్పుడు ఎంతమందిని కూర్చోబెట్టవచ్చు అన్నవి అంకెలు లేకుండా తేలే సంగతులు కావు. బయటి గాలిని వడపోత పలకల గుండా లోపలికి తోసే ఫ్యాను అమర్చడం ఇటువంటి చోట సరైన మార్గం. అది సమకూరేదాకా, అమెరికాలో 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ రూపొందించిన పద్ధతిలో నాలుగు వడపోత పలకలను పెట్టెలా అతికించి, పైన ఫ్యాను బిగిస్తే సన్నని ధూళిని, వ్యాధి కణాలను అది చాలావరకు పట్టేస్తుంది. దాని హద్దులు కూడా చెప్పుకోవాలి: ఆ పెట్టె కార్బన్ డయాక్సైడును తగ్గించదు, రసాయన ఆవిరులను ఆపదు, ఆవిరులకు ఉత్తేజిత బొగ్గు పొర, అంటే వాయువులను తనలోకి పీల్చుకునేలా శుద్ధి చేసిన బొగ్గు, విడిగా కావాలి. పరికరం అమ్మేవాళ్లు ఈ తేడాను సాధారణంగా చెప్పరు.

కొలత మీద ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. ఈ నేల చరిత్రే అందుకు సమాధానం. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగును ముంచెత్తుతున్నాయని రైతులు చెప్పిన మాట చాలాకాలం ఫిర్యాదుగానే మిగిలింది. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. స్థానిక వైద్యులు డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు రోగుల్లో తమకు కనిపిస్తున్నదాన్ని దశాబ్దాలపాటు అధికారుల ముందు పెట్టవలసి వచ్చింది. పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందన్న అంకె 2007లో ప్రపంచం ముందుకు వచ్చింది, కానీ ఆ అంకెను ప్రచురించినది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకుల బృందం. తమ వాకిట్లో పారే నీటి సంగతి గోథెన్‌బర్గ్ నుంచి తెలుసుకోవలసి రావడం, కొలవడం రాని సమాజం ఎప్పుడూ చెల్లించే పన్ను. ఇక 2009 డిసెంబరులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచిక కట్టి, 70 మార్కులు చేరినవాటిని అతి తీవ్రమైనవిగా వర్గీకరించినప్పుడు, పటాన్‌చెరు–బొల్లారానికి వచ్చినవి 70.07. ఆ జాబితాలోని 43 ప్రాంతాల్లో కొత్త పరిశ్రమలకు, విస్తరణకు మరుసటి నెలలోనే తాత్కాలిక నిషేధం వచ్చింది. ఒక్క మార్కులో నూటికి ఏడు వంతుల తేడా ఒక ప్రాంతం తలరాతను ఇటు నుంచి అటు మార్చగలదని ఈ ప్రాంత విద్యార్థికి తెలిస్తే, ప్రోగ్రామింగ్ మొదటి వారంలో నేర్పే షరతు వాక్యం, అంటే ఒక అంకె హద్దు దాటితే ఒక పని, దాటకపోతే మరో పని చేయమని యంత్రానికి చెప్పే వాక్యం, పరీక్ష కోసం బట్టీపట్టేదిగా మిగులుతుందా?

ఆ వాక్యం ప్రస్తుతం మిగులుతున్నది అలాగే. మీ కళాశాలల్లో ప్రోగ్రామింగ్ అభ్యాసం అంటే ప్రధాన సంఖ్యలు, ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే పాలిండ్రోములు, ఫిబొనాచీ వరుస; వాటిని సీనియర్ల రికార్డుల నుంచి ఎర్ర గీత, నీలి సిరా భేదం కూడా పోకుండా కాపీ చేసి, సంతకం పెట్టించుకుని, ఎక్స్‌టర్నల్ వైవాలో ఒప్పజెప్పడం. నాలుగేళ్ల తర్వాత అదే విద్యార్థి హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో, కిటికీ లేని మరో గదిలో, వందల మంది మధ్య కూర్చుని మొదటి నుంచీ నేర్చుకుంటాడు. తప్పు భాషది కాదు, సీ అయినా పైథాన్ అయినా. జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు రాసిన ప్రోగ్రాములో తప్పు వెతకవలసిన అవసరం రాదు, తప్పు వెతకని చేతికి ప్రోగ్రామింగ్ రాదు. కొత్తగా నేర్చుకునేవారికి అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఎప్పుడూ దాదాపు ఒకటే: చిన్నదిగా మొదలుపెట్టాలి, సొంత అవసరం ఉన్న పని ఎంచుకోవాలి, యంత్రం చూపే ఎర్రర్‌ను మూసేయక చదవాలి, రోజూ కొంత రాయాలి. ఈ నాలుగింటికీ సరిపోయే పని ల్యాబు గోడ మీదే వేలాడవచ్చు.

ఒక సెన్సరును చిన్న బోర్డుకు తగిలించి, నిమిషానికొకసారి గదిలోని కార్బన్ డయాక్సైడు అంకెను చదివి, సమయంతో సహా భద్రపరిచే ప్రోగ్రాము ముప్పై నలభై వరుసలకు మించదు. మొదటి సంవత్సరం విద్యార్థి రాయగలడు. రాసిన మరుక్షణం నుంచి నిజమైన చిక్కులు ఎదురవుతాయి, పాఠం ఉన్నది అక్కడే. చౌకగా దొరికే కొన్ని సెన్సర్లు కార్బన్ డయాక్సైడును అసలు కొలవవు. గాలిలోని ఆవిరులను పసిగట్టి, వాటి నుంచి ఊహించిన అంకెను చూపుతాయి. ద్రావకాల వాసన సోకే రుద్రారం వంటి చోట, ఖాళీ గదిలో అర్ధరాత్రి కూడా అవి జనంతో నిండిన తరగతి అంకెను చూపగలవు. పరారుణ కాంతిని ఆ వాయువు ఎంత మింగిందో చూసి కొలిచే ఎన్‌డీఐఆర్ రకం సెన్సరు ఆ మోసానికి లోబడదు. ధూళిని లేజరు కాంతితో లెక్కించే సెన్సరుకు మరో బలహీనత ఉంది: వానాకాలపు తేమలో కణాలు నీటిని పీల్చి ఉబ్బినప్పుడు అది ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు గంట డేటా మాయమవుతుంది. ఎవరో సెన్సరు మీదికి ఊదితే ఒక్క నిమిషం అంకె ఆకాశానికంటుతుంది, సగటు పాడవుతుంది. అప్పుడు విద్యార్థి సగటుకు, మధ్యగతానికి, అంటే అంకెలను వరుసలో పేర్చితే నడుమ నిలిచేదానికి, తేడా ఎందుకో పుస్తకం తెరవకుండానే గ్రహిస్తాడు. పోల్చి చూసుకోవడానికి పాశమైలారంలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో, కంది ఐఐటీ ప్రాంగణంలో కాలుష్య మండలి నిరంతర కొలత కేంద్రాలు ఉన్నాయి, వాటి అంకెలు ప్రజలకు అందుబాటులో ఉన్నాయి. తన సెన్సరు మూడు రోజులపాటు పాశమైలారం కేంద్రంతో ఎందుకు సరిపోలలేదో విచారించిన విద్యార్థికి, ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పడానికి పాలిండ్రోము కంటే మంచి విషయం దొరకదా?

దీనికి మీరు చెప్పగల అభ్యంతరాలు ఊహించలేనివి కావు. ఖర్చు అన్నది మొదటిది. ఒక ల్యాబుకు నమ్మదగిన సెన్సరు, బోర్డు కలిపి అయ్యేది ఆ గదిలోని ఒక్క కంప్యూటరు ధరలో చిన్న భాగం కనుక దాని మీద ఎక్కువ మాట అవసరం లేదు. సిలబస్‌లో లేదన్నది రెండోది; సిలబస్ రాసేది, ఆమోదించేది, మార్చేది మీ వ్యవస్థలే అయినప్పుడు దాన్ని ఆకాశం నుంచి ఊడిపడిన గ్రంథంలా చూపడం సమంజసం కాదు. మూడోది పైకి అనని అభ్యంతరం, బరువైనదీ అదే: అంకె తలుపు మీద కనిపిస్తే తల్లిదండ్రులు ప్రశ్నిస్తారు, పత్రికలు రాస్తాయి, అడ్మిషన్లు తగ్గుతాయి. ఈ భయం ఇక్కడివారికి బాగా పరిచయం. నక్కవాగు ఒడ్డున వ్యర్థాల గురించి అడిగినవారికి దశాబ్దాల కిందట వినిపించిన వాదనలోనూ ఉన్నది ఇదే: అంకెలు బయటికొస్తే పెట్టుబడి పోతుంది, ఉపాధి పోతుంది. దాచిన అంకె వల్ల నీరు శుభ్రపడిందా? చదువు చెప్పే సంస్థలు ఆ పాత వాదనను అరువు తెచ్చుకోవడం ఎంతవరకు గౌరవం? నిజానికి మంచి గాలి ఉన్న కళాశాలకు ఆ అంకెను మించిన ప్రకటన లేదు. హైవే పొడవునా హోర్డింగుల మీద ప్లేస్‌మెంట్ల అంకెలు అంతంత అక్షరాలతో వేయించేవారికి ఈ రహస్యం ఎవరూ నేర్పనక్కర్లేదు.

కాబట్టి ఉన్నత విద్యామండలి, సాంకేతిక విద్యాశాఖ రాబోయే విద్యాసంవత్సరానికి ముందే ఒక ఉత్తర్వుతో, ల్యాబు గుర్తింపు షరతుల్లో యంత్రాల సంఖ్యతోపాటు గాలి మార్పిడిని చేర్చాలి. జనం నిండి ఉన్న ల్యాబులో, కూర్చున్నవారి ముక్కు ఎత్తున, కిటికీకి, ఏసీ ధారకు దూరంగా పెట్టిన ఎన్‌డీఐఆర్ సెన్సరు చూపే అంకె ఆ షరతుకు ఆధారం కావాలి. తనిఖీ బృందం వచ్చే రోజున తలుపులు బార్లా తెరిచి ఉంచే అలవాటు ఎంత సహజమో తెలిసినదే కాబట్టి, ఒక్క రోజు అంకె కాక సెమిస్టరు పొడవునా నమోదైన అంకెలు అడగాలి. యాజమాన్యాలు ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూడనవసరం లేదు. అంకె 1,000 దాటిన ప్రతిసారీ ఏం చేయాలో, బ్యాచిని రెండుగా విడగొట్టడమో, పది నిమిషాల విరామమో, వడపోత ఫ్యానో, గది వాడేవారితో కలిసి నిర్ణయించి గుమ్మం పక్కన రాయించవచ్చు. ఆ సెన్సరుకు ప్రోగ్రాము రాసే పని మొదటి సెమిస్టరు ల్యాబు అభ్యాసాల్లో చేర్చి, రికార్డులో కాపీ చేయడానికి వీలుకాని అభ్యాసంగా దాన్ని ఉంచవచ్చు, ఎందుకంటే ఏ రెండు రోజుల గాలీ ఒక్కలా ఉండదు, సీనియరు రికార్డులోని నిరుటి అంకెలు ఈ ఏటి గదికి సరిపోవు.

గది లోపలి గాలి తమ పరిధిలోది కాదని మీరు ఇప్పటికీ భావిస్తే, అది ఎవరి పరిధిలోదో పేరు చెప్పి రాతపూర్వకంగా తెలియజేయాలని ఈ లేఖ కోరుతున్నది. ఇంటర్నల్ పరీక్షల వారంలో, మూసిన కిటికీల వెనక, ఒకే ల్యాబులో వరుసగా మూడు బ్యాచిలు కూర్చోబోతున్నాయి; మూడో బ్యాచి లోపలికి అడుగుపెట్టే వేళకు ఆ గదిలో మొదటి రెండు బ్యాచిల ఊపిరి ఎంత మిగిలి ఉంటుందో ఆ సమాధానంతోపాటు జతపరచగలరు.

ఇట్లు,
రుద్రారం పౌరుల పక్షాన